లోతుకి ఎవరు పూచీ?

(మావయ్య షిప్‌యార్డులో వెల్డింగ్ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసి రిటైరయ్యాడు. మేనకోడలు లా చివరి సంవత్సరంలో ఉంది. విశాఖలో ఒక ఆదివారం భోజనాలయ్యాక, 2023లో టైటానిక్ దగ్గరికి దిగుతూ నలిగిపోయిన టైటాన్ అనే చిన్న జలాంతర్గామి ప్రమాదం మీద వాళ్ళిద్దరి మధ్య నడిచిన మాటలివి.)

మేనకోడలు: మావయ్యా, అమెరికా కోస్ట్ గార్డ్ 2025 ఆగస్టులో ఇచ్చిన రిపోర్టు మూడొందల పేజీలు దాటింది. అదంతా చదివినా నా సందేహం తీరలేదు. టైటానిక్ శిథిలాలు చూపిస్తామంటే మనిషికి రెండున్నర లక్షల డాలర్లు కట్టి ఎక్కారు. అంతకుముందు దిగొచ్చిన మైక్ రీస్ అనే టీవీ రచయిత, సంతకం పెట్టాల్సిన కాగితంలో మొదటి పేజీలోనే చావు మాట మూడుసార్లు ఉందని చెప్పాడు. చదువుకున్నవాళ్ళు, తెలిసే ఎక్కారు. వాళ్ళ ప్రాణం వాళ్ళిష్టం. మధ్యలో చట్టానికేం పని?

మావయ్య: ప్రాణం వాళ్ళదే, కాదనను. ఏం తెలిసి ఎక్కారన్నదే నా ప్రశ్న. చావొచ్చని తెలియడం వేరు, దేనివల్ల చావొచ్చో తెలియడం వేరు. 2022 జులైలో ఎనభయ్యో డైవ్ ముగించుకుని పైకొస్తుంటే టైటాన్‌లో పెద్ద చప్పుడైంది. ఆ తర్వాత దిగినప్పుడు దాని గోడ, అంటే హల్ మీద అతికించిన, ఒత్తిడికి అది ఎంత వంగుతుందో కొలిచే స్ట్రెయిన్ గేజ్‌ల రీడింగులు ముందులా లేవు. గేజ్‌లు పెట్టింది టైటాన్‌ని నడిపిన కంపెనీయే, లెక్కలు దాచుకున్నదీ కంపెనీయే. అదేమిటో సరిగ్గా తేల్చకుండా ఆ చలికాలమంతా దాన్ని కెనడాలోని సెయింట్ జాన్స్‌లో ఆరుబయట వదిలేశారు. 2023 జూన్ 18న అయిదుగురితో మళ్ళీ దింపారు. ఆ రీడింగులు ముందు పెట్టి సంతకం అడిగి ఉంటే ఎంతమంది పెట్టేవాళ్ళు?

మేనకోడలు: కంపెనీ అధిపతి స్టాక్టన్ రష్ కూడా ఎక్కాడు కదా! నడిపింది ఆయనే. మోసం చేసేవాడు తన ప్రాణం కూడా పణంగా పెడతాడా?

మావయ్య: పెట్టడు. ఆయన దాన్ని నిజంగానే నమ్మాడని నేనూ అంటాను. అయితే ఎక్కడం ఆయన నమ్మకానికి సాక్ష్యం, హల్ బలానికి కాదు. నీటి ఒత్తిడికి మనిషి చిత్తశుద్ధితో నిమిత్తం లేదు. టైటానిక్ పడి ఉన్న 3,800 మీటర్ల లోతున వేలిగోరంత చోట దాదాపు ఎనిమిది బియ్యం బస్తాల బరువు పడుతుంది. దానికి ఎదురుగా అయిదంగుళాల కార్బన్ ఫైబర్ గోడ పెట్టారు. విమానాల్లో ఆ ఫైబర్ బాగా పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ లోపలి గాలి బయటికి తోస్తుంది, పోగులు లాగుడికి గట్టివి. సముద్రంలో నొక్కుడంతా బయటినుంచే. పొరమీద పొర చుట్టి జిగురుతో బిగించిన గోడ అది. మధ్యలో ఎక్కడైనా పొరలు విడితే కంటికి కనిపించదు. దిగిన ప్రతిసారీ ఆ విడుపు ఇంకాస్త పెరుగుతుంది.

మేనకోడలు: టైటానియం ఉండగా అదెందుకు మరి?

మావయ్య: టైటానియం గోళంలో ఇద్దరో ముగ్గురో పడతారు. తేలికైన గొట్టం చేస్తే అయిదుగురు పడతారు. టిక్కెట్ల లెక్క అక్కడే తేలిపోయింది.

మేనకోడలు: గోడ విరగబోతే ముందే పట్టేసే మైకులు ఉన్నాయన్నారుగా?

మావయ్య: అక్కడి నుంచి పైకి రావడానికి దాదాపు రెండు గంటలు పడుతుంది. హల్ నలిగిపోవడానికి రెప్పపాటు కూడా అక్కర్లేదు. అలారం మోగాక చేయడానికేముంది? 96 గంటల ఆక్సిజన్ ఉందని ప్రపంచమంతా గడియారం చూస్తూ కూర్చుంది. దిగిన సుమారు గంటన్నరకే కబురు తెగిపోయింది. అమెరికా నేవీ సెన్సర్లకి ఆ రోజే పేలుడు లాంటి శబ్దం అందింది. నాలుగు రోజులు ఓడలు, విమానాలు గాలించాక 22న టైటానిక్ ముందుభాగానికి సుమారు 500 మీటర్ల దూరంలో శకలాలు దొరికాయి. ఒకవేళ వాళ్ళు అడుగున ప్రాణాలతో ఉన్నా తీసుకొచ్చే సాధనం ఏదీ? 1973లో ఐర్లండ్ దగ్గర పైసెస్-3 అనే చిన్న జలాంతర్గామిలో చిక్కిన ఇద్దరిని 76 గంటల తర్వాత పైకి తెచ్చారు. అది 480 మీటర్ల లోతు. మన హిందుస్తాన్ షిప్‌యార్డులో కట్టిన నిస్తార్ నౌక 2025 జులైలో నేవీలో చేరింది కదా, జలాంతర్గాముల సిబ్బందిని కాపాడే వాహనాన్ని మోసుకెళ్ళడానికి. ఆ వాహనం దిగేది 650 మీటర్ల వరకే. టైటానిక్ ఉన్నది దానికి దాదాపు ఆరు రెట్ల లోతున. అంత కింద రక్షించడమంటూ ఉండదు. కాపాడే పనంతా దిగకముందే పూర్తయి ఉండాలి.

మేనకోడలు: ఆ లెక్కన మనిషి ఎప్పటికీ సముద్రం అడుగు చూసేవాడు కాదు. 1960లో ట్రియెస్ట్ అనే వాహనంలో జాక్ పికార్డ్, డాన్ వాల్ష్ మరియానా అగాధానికి దిగుతుంటే దారిలోనే ఒక కిటికీ పగిలింది. అయినా దిగారు. వాళ్ళకెవరు సర్టిఫికెట్ ఇచ్చారు?

మావయ్య: ఎవరూ ఇవ్వలేదు. ఆ ఇద్దరికీ ఆ యంత్రంలో ప్రతి భాగం తెలుసు. కిటికీ పగిలిన చప్పుడు విన్నది వాళ్ళే. కొనసాగాలని నిర్ణయించుకున్నది కూడా వాళ్ళే. వాళ్ళ దగ్గర టిక్కెట్టు కొన్నవాళ్ళెవరూ లేరు. మొదటివాడి తెగింపుకి నేను దండం పెడతాను. దాన్ని అమ్మకానికి పెట్టిన రోజున లెక్క మారుతుంది. పోనీ, తనిఖీ ఉంటే కొత్తదనం చచ్చిపోతుందా? 2019 నాటికి విక్టర్ వెస్కోవో అయిదు మహాసముద్రాల్లోనూ అన్నిటికన్నా లోతైన చోట్లకి దిగాడు. ఆయన వాహనానికి, నౌకల్ని తనిఖీ చేసే డీఎన్‌వీ సంస్థ పూర్తి లోతుకి సర్టిఫికెట్ ఇచ్చింది. రష్ కంపెనీ మాత్రం అదే ఏడాది, అలాంటి క్లాస్ సర్టిఫికెట్ మాకెందుకు అక్కర్లేదో చెబుతూ ఒక వ్యాసం రాసుకుంది.

మేనకోడలు: సర్టిఫికెట్ అంటే నీకు గురి. మన ఊళ్ళో బస్సు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఎలా వస్తుందో తెలుసుగా? ముద్ర కొనుక్కోవచ్చు. ఈజిప్టులోని హుర్ఘాదాలో 2025 మార్చి 27న సింద్‌బాద్ అనే పర్యాటక జలాంతర్గామి మునిగి ఆరుగురు చనిపోయారు. లైసెన్సులన్నీ సక్రమంగా ఉన్నాయని అక్కడి గవర్నరే చెప్పాడు. అక్కడ లోతు కూడా లేదు, పగడాల దిబ్బలు చూపించే పడవ అది. ఏం కాపాడింది నీ ముద్ర?

మావయ్య: ఈ మాట నీదే నెగ్గింది. లైసెన్సు ఉంటే చాలని నేననుకోవడం లేదు. 2019 సెప్టెంబరు 15న వరద గోదావరిలో కచ్చులూరు దగ్గర పాపికొండల బోటు బోల్తాపడి దాదాపు యాభై మంది పోయారు. ఆ ఉదయం బోటెక్కినవాళ్ళలో నది ఎంత ఉధృతంగా ఉందో లెక్కగట్టగలిగినవాడు ఎవడున్నాడు? ఎవరో చూసే ఉంటారులే అనుకుని ఎక్కుతాం మనం. ఆ 'ఎవరో' నిజంగా ఉన్నాడా అన్నదే అసలు సంగతి. మా పనిలో ముఖ్యమైన జాయింట్ వెల్డింగ్ అయ్యాక ఎక్స్‌రే తీసేవాళ్ళం. ఫిల్మ్‌ని లైటు మీద పెట్టి చూస్తే మంచి వెల్డ్ ఒకే తీరుగా ఉంటుంది, లోపల గాలి చిక్కుకున్నచోట నల్లచుక్క పడుతుంది. ప్లేటు మీద సరిగ్గా ఆ చోట సుద్దతో గుర్తుపెట్టి, గ్రైండ్ చేయించి, మళ్ళీ వెల్డ్ వేయించేవాణ్ణి. వెల్డర్ నాతో కలిసి టీ తాగేవాడే. అయినా వేసినవాడు తన పనిని తనే పాస్ చేయకూడదు. నా మీద మళ్ళీ బయటినుంచి వచ్చే సర్వేయర్ ఉండేవాడు. ఆయన జీతం మా యార్డు ఇచ్చేది కాదు. నేను నమ్మేది ముద్రని కాదు, 'కాదు' అనగల మనిషిని. అన్నాక కూడా అతని ఉద్యోగం ఉండాలి.

మేనకోడలు: టైటాన్ విషయంలో కాదన్న మనిషి ఉన్నాడుగా. డేవిడ్ లాక్‌రిడ్జ్.

మావయ్య: ఉన్నాడు. ఆ కంపెనీలో సముద్ర కార్యకలాపాల డైరెక్టరాయన. హల్‌ని స్కాన్ చేయకుండా మనుషుల్ని దింపొద్దని 2018 జనవరిలో రాసిచ్చాడు. ముందున్న కిటికీకి తయారీదారు పూచీ ఇచ్చింది 1,300 మీటర్ల వరకేనని కూడా చెప్పాడు. ఉద్యోగం తీసేశారు. ఆయన కార్మిక భద్రతా సంస్థకి ఫిర్యాదు చేస్తే కంపెనీ ఆయన మీదే దావా వేసింది. చివరికి రాజీ అయింది. అదే ఏడాది మెరైన్ టెక్నాలజీ సొసైటీకి చెందిన ముప్పైమందికి పైగా నిపుణులు ఈ పద్ధతి ప్రమాదానికి దారితీస్తుందని ఉత్తరం సిద్ధం చేశారు. టైటాన్ నలిగిపోవడానికి అయిదేళ్ళ ముందు మాట ఇది. కాదన్నవాణ్ణి బయటికి పంపేశాక మిగిలినవాళ్ళ చేత పెట్టించిన సంతకం ఏపాటి సంతకం?

మేనకోడలు: చట్టం వైపు నుంచి ఇంకో మాట చెప్పనా? డబ్బు కట్టినవాళ్ళని వాళ్ళు ప్రయాణికుల కింద లెక్కవేయలేదు, మిషన్ స్పెషలిస్టులన్నారు. దిగేది అంతర్జాతీయ జలాల్లో. ప్రయాణికులే లేరంటే ప్రయాణికుల రక్షణ నిబంధనలు వర్తించవు కదా. నేను ఇందాక అన్న 'వాళ్ళిష్టం' అన్న వాదన ఇక్కడ నాకే బలహీనంగా కనిపిస్తోంది. చనిపోయినవాళ్ళలో సులేమాన్ దావూద్‌కి 19 ఏళ్ళు. ఆ అబ్బాయిని సిబ్బందిలో ఒకడిగా చూపించి చట్టాన్ని పక్కకి నెట్టడం సాహసం కాదు, వ్యాపారం.

మావయ్య: ఆ మాటే రిపోర్టు ఇంకో విధంగా చెప్పింది. ఇది నివారించదగిన ప్రమాదమని తేల్చింది. రష్ బతికి ఉంటే క్రిమినల్ దర్యాప్తుకి సిఫారసు చేసేవాళ్ళమని కూడా అంది.

మేనకోడలు: అయినా నాకు అవకాశమొస్తే దిగుతాను మావయ్యా. నువ్వు ఆపుతావా?

మావయ్య: ఆపను. మన చెన్నైలోని సముద్ర సాంకేతిక సంస్థ ఎన్‌ఐఓటీ వాళ్ళు 6,000 మీటర్లకి దిగే మత్స్య-6000 అనే వాహనం కడుతున్నారు. 80 మిల్లీమీటర్ల మందం టైటానియం గోళం, ముగ్గురు పడతారు. తొందరపడి అందులో ఎక్కేయకుండా 2025 ఆగస్టులో మనవాళ్ళిద్దరు ముందు ఫ్రెంచి వాహనం నాటిల్‌లో దిగారు, ఒకరు 4,025 మీటర్లకి, ఇంకొకరు 5,002 మీటర్లకి. సాహసానికి అది పద్ధతి. ద్వారకలో 100 మీటర్ల లోతుకి పర్యాటక జలాంతర్గామి తెస్తామని గుజరాత్ ప్రకటించింది. రేపు విశాఖకీ ఎవరో ఒకరు తెస్తామంటారు. సరదా పడటం తప్పు కాదు.

మేనకోడలు: అయితే కౌంటర్ దగ్గర ఏం అడగాలో చెప్పు.

మావయ్య: మూడు అడుగు. దీన్ని పరీక్షించింది ఎవరు, అతనికి జీతం ఇచ్చేది ఎవరు? కిందటిసారి దిగినప్పుడు ఏం తేడా వచ్చింది, దానికి ఏం చేశారు? వద్దన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా, వాళ్ళు ఇంకా ఉద్యోగంలో ఉన్నారా? ఈ మూడింటికీ కాగితం మీద జవాబు ఇవ్వనివాడు నీ సంతకం కోసం ఇంకో కాగితం చాపితే, పెన్ను తీయకు. డబ్బు వెనక్కి అడిగి ఇంటికి వచ్చేయ్.