దానపు పద్దు – ఆర్జన పద్దు

ధనము ఎట్లు వచ్చినను దానము చేసిన చాలునని లోకులందురు. ఈ మాట యెంతవరకు నిలుచునో జర్మనీలోని ఫుగ్గర్ కుటుంబ చరిత్రను బట్టి విచారింపవచ్చును.

1367లో హాన్స్ ఫుగ్గర్ అను నేతగాడు ఆగ్స్‌బర్గు నగరము చేరెను. అతని మనుమడు యాకోబు (1459–1525) ప్రభువులకు అప్పులిచ్చి, బదులుగా గనుల వెండి, రాగి గైకొని, ఐరోపాలోని మహాధనికులలో ఒకడాయెను. 1519లో ఐదవ చార్లెసును చక్రవర్తిగా ఎన్నుకొనుటకు, ఓటు గల ప్రభువులకు పంచిన సొమ్ము సుమారు 8,50,000 ఫ్లోరిన్లు. అందు 5,43,000 యాకోబు సమకూర్చినవే. బాకీ తీరకపోగా, తన సాయము లేనిదే కిరీటము దక్కెడిది కాదని 1523లో చక్రవర్తికే జాబు వ్రాసెను.

ఆ యాకోబే 1521లో పేదలకై ఫుగ్గెరై అను ఇండ్ల వాడను నెలకొల్పెను. ఏడాది అద్దె ఒక రైన్ గిల్డరు; దినమునకు మూడు ప్రార్థనలు. 1557లో స్పెయిన్ రాజు చెల్లింపులు నిలిపివేయుటతో పెద్ద దెబ్బ తగిలిన ఆ వ్యాపారము 17వ శతాబ్దిలో ముగిసెను. ఆ వాడ మాత్రము నేటికిని నిలిచియున్నది, అద్దె 0.88 యూరో.

నీడ పొందిన పేదకు అది నిజమైన మేలే. కాని ఒకరి జమను మరొకరి ఖాతాలో వ్రాయరాదని వర్తకులెరుగుదురు. మేలు పొందినవారు వేరు. ఓట్ల బేరమువలన నష్టపడినవారు వేరు. దానము దానపు పద్దుకే చెల్లును. ఆర్జన పద్దుకు వేరుగా లెక్క చెప్పవలసినదే.