జరిమానా కడితే లెక్క తీరిపోతుందా?

గడచిన రంజాన్ మాసంలో ఒక రాత్రి తరావీహ్ ముగిశాక ఒక పెద్దాయనను పరామర్శించడానికి వెళ్ళాం. ఆపరేషను జరిగి నాలుగు రోజులైంది. నొప్పితో మూలిగి మూలిగి అప్పుడే కాస్త కన్నంటుకుంది. అంతలో సందులోంచి రెండు మోటారు సైకిళ్ళు దూసుకుపోయాయి. సైలెన్సర్లు మార్పించిన బండ్లు. కిటికీ రెక్కలు అదిరాయి. పెద్దాయన గుండె పట్టుకుని లేచి కూర్చున్నారు. బయటికి వచ్చి చూస్తే, బండ్ల మీద ఉన్నది మాతోపాటు నమాజులో నిలబడిన పిల్లలే. తలమీది టోపీలైనా తీయలేదు.

మరునాడు వారిలో ఒకతన్ని పక్కకు పిలిచి నెమ్మదిగా అడిగాం. "మౌలానా, బండి మాది, పెట్రోలు మాది. పోలీసులు పట్టుకుంటే జరిమానా కట్టేస్తాం. ఇందులో గునాహ్ ఏముంది?" అన్నాడు.

ఈ మాట ఆ ఒక్క అబ్బాయిది కాదు. మనలో చాలామంది మనసులో ఉన్నదే. కనుక దీన్ని కోపంతో కొట్టివేయక, జవాబు వెదకాలి.

మొదట దేశ చట్టం ఏమంటున్నదో చూద్దాం. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెళ్ళు, రాత్రి 10 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు 45 డెసిబెళ్ళు హద్దు. ఇది మామూలు లెక్క కాదు. 10 డెసిబెళ్ళు పెరిగాయంటే శబ్దశక్తి 10 రెట్లయినట్లు. ఆసుపత్రులు, విద్యాలయాలు, న్యాయస్థానాల చుట్టూ 100 మీటర్ల వరకు నిశ్శబ్ద మండలం. నివాస ప్రాంతాల్లో రాత్రిపూట అత్యవసరమైతే తప్ప హారన్ మోగించరాదని 2010లో నియమం చేర్చారు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం అనవసరంగా హారన్ కొట్టినా, పొగను సైలెన్సరు గుండా కాక వేరే దారిన వదిలినా మొదటిసారి 1,000, ఆపైన 2,000 రూపాయల జరిమానా. శబ్ద ప్రమాణాలను మీరి బండి నడిపితే మొదటి తప్పుకే మూడు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. పైగా మూడు నెలలు లైసెన్సుకు అనర్హత.

శిక్ష చిన్నదేమీ కాదు. పలు నగరాల్లో పోలీసులు ఇలాంటి సైలెన్సర్లను ఊడదీసి రోడ్డు రోలరుతో తొక్కించడం కూడా పత్రికల్లో చూశాం. అయినా మోత ఆగలేదు. ఎందుకంటే రోలరు ఇనుమును చదును చేయగలదు, మనసును కాదు.

ఇక "బండి మాది" అనే వాదన. ఇస్లాంలో సొత్తు అల్లాహ్ మనకిచ్చిన అమానతు. దాన్ని వాడుకునే హక్కు పొరుగువాని బాధ మొదలయ్యే చోట ఆగిపోతుంది. ఎవరి నోటి నుండి, ఎవరి చేతి నుండి ఇతరులు సురక్షితంగా ఉంటారో అతడే ముస్లిం అని దైవప్రవక్త (స) బోధించారు. ఆక్సిలరేటరు తిప్పేది కూడా ఆ చేయే కదా!

శబ్దం విషయంలో మన ప్రవక్త (స) ఎంత జాగ్రత్త పాటించారో చూడండి. హజ్రత్ మిఖ్దాద్ (రజి) ఉల్లేఖనం ప్రకారం ఆయన (స) రాత్రివేళ వచ్చినప్పుడు మేలుకున్నవారికి వినబడేలా, నిద్రపోతున్నవారు లేవకుండా సలాం చేసేవారు (ముస్లిం). సలాం పుణ్యకార్యం. అయినా దానికీ నిద్ర హద్దయింది. మస్జిదులో ఏతెకాఫ్‌లో ఉన్నప్పుడు కొందరు బిగ్గరగా ఖుర్ఆన్ పారాయణం చేస్తుంటే తెర తొలగించి, ఒకరినొకరు బాధ పెట్టుకోవద్దని వారించారు (అబూ దావూద్). దైవవాక్కే ఇతరులకు బాధ కలిగించేలా వినిపించరాదంటే, ఇంజను మోతకు అనుమతి ఎక్కడిది?

హజ్ యాత్రలో అరఫాత్ నుండి తిరిగివస్తుండగా వెనుక ఒంటెలను అదిలించే కేకలు, కొట్టే చప్పుడు వినిపించాయి. ఆయన (స) కొరడాతో సైగ చేసి, నెమ్మది వహించమని, పరుగులో పుణ్యం లేదని చెప్పారు (బుఖారీ). వాహనం మారింది, ఉపదేశం మారలేదు. లుఖ్మాన్ తన కుమారునికి చేసిన హితబోధలోనూ విర్రవీగి నడవవద్దన్న మాట వెంటనే గొంతు తగ్గించమన్న మాట వస్తుంది (31:18, 19). గర్వానికీ రొదకూ బంధుత్వం ఉంది. దారి మలుపులో ప్రాణరక్షణకు కొట్టే హారన్ వేరు; నలుగురూ తిరిగి చూడాలని చేసే మోత వేరు.

రెండవది "జరిమానా కట్టేస్తాం" అనే వాదన. డబ్బు రూపంలో శిక్ష విధించవచ్చా అన్న విషయంలో ఫుఖహాల మధ్య భేదాభిప్రాయం ఉంది. హనఫీ పండితులలో ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ) నుండి అనుమతి ఉల్లేఖించబడింది, ఇతరులు ఒప్పుకోలేదు. దీన్ని పట్టుకుని జరిమానా షరీఅత్‌లో లేదు గనుక ఈ చట్టం మాకు పట్టదు అనేవారూ ఉన్నారు. ఇది పెద్ద పొరపాటు. ఆ చర్చ శిక్షించే పాలకుని అధికారం గురించి, నేరం చేసేవాని స్వేచ్ఛ గురించి కాదు. జరిమానా ఉన్నా లేకున్నా, పోలీసు చూసినా చూడకున్నా, అన్యాయంగా బాధించడం నిషిద్ధమే. పైగా లైసెన్సు తీసుకోవడమంటే రోడ్డు నియమాలు పాటిస్తామని ఒప్పుకోవడమే. ఒప్పందాలను నెరవేర్చమన్నది ఖుర్ఆన్ ఆజ్ఞ (5:1).

జరిమానా ప్రభుత్వ ఖజానాకు చేరుతుంది. నిద్ర చెడిన రోగికి ఏం చేరింది? ఇది దాసుల హక్కు. నమాజులు, ఉపవాసాలు మోసుకొచ్చి కూడా, తాను బాధించినవారికి తన పుణ్యాలు పంచిపెట్టి ప్రళయదినాన దివాలా తీసే మనిషి గురించి దైవప్రవక్త (స) హెచ్చరించారు (ముస్లిం). తరావీహ్ చదివి, ఆ వెంటనే వీధినంతా లేపినవాడు ఈ హదీసును మళ్ళీ మళ్ళీ గుర్తు చేసుకోవాలి.

ఆ అబ్బాయిని పెద్దాయన దగ్గరికి తీసుకువెళ్ళాం. తల దించుకుని క్షమాపణ అడిగాడు. "మాఫ్ చేశాను బేటా" అన్నారాయన. బయటికి వచ్చాక అబ్బాయి సందు పొడవునా ఉన్న ఇళ్ళను చూస్తూ, "మరి వీళ్ళంతా, మౌలానా?" అన్నాడు. మేము చెప్పదలచింది అతనే గ్రహించాడు. అప్పు తీసుకున్నవానికి అప్పిచ్చినవాడెవరో తెలుసు. మోత చేసి పోయినవానికి ఏ గోడ వెనుక ఏ పసికందు ఏడ్చిందో, ఏ బాలింత ఉలిక్కిపడిందో తెలియదు. తెలియనివారిని క్షమాపణ అడగడం ఎలా?

అందుకే ముందుగా తప్పు మానాలి, సైలెన్సరు సరిచేయించాలి, మనస్ఫూర్తిగా తౌబా చేయాలి. తెలిసినవారిని క్షమాపణ కోరాలి. తెలియనివారి కోసం దుఆ చేయాలి, వీలైతే వారి పేరున దానమివ్వాలి. తల్లిదండ్రులారా! బండి తాళాలు ఇచ్చే ముందు ఈ మాటలు పిల్లలకు చెప్పండి. మస్జిద్ కమిటీలు షబె బరాత్, రంజాన్ రాత్రులు రాకముందే యువకులను కూర్చోబెట్టి మాట్లాడాలి. ఆ పని పోలీసులకు వదిలేయరాదు.

మన రాకపోకల వల్ల ఎవరి నిద్రా చెడని సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.