పటములోని లేసు, అల్లిన చేతులు

వాక్యభాగము: అపొస్తలుల కార్యములు 9:36–42



గోదావరి డెల్టాలో నరసాపురము లేసును ఎరుగని క్రైస్తవ కుటుంబము అరుదు. 19వ శతాబ్దములో మిషనరీలు నేర్పిన ఈ అల్లిక 2024లో భౌగోళిక గుర్తింపును పొందినది. నరసాపురము, పాలకొల్లు ప్రాంతముల స్త్రీలు ఇంటిపని ముగించుకొని, అరుగులమీద కూర్చుండి అల్లిన లేసు దూరదేశములకు పోయి అక్కడి బల్లలను అలంకరించినది. అల్లినవారి యింట మాత్రము తరచుగా ఒక ముక్కయైనను నిలువలేదు.

మా సంఘములో ఒక కుమార్తె, తన తల్లి అల్లగా మిగిలిన లేసుకు పటము కట్టించినది. ప్రార్థనకు వెళ్లిన మేము దానిని చూచి సంతోషించితిమి. ఆమె ఎంతో జాగ్రత్త తీసికొన్నది. లేసును గోరువెచ్చని సబ్బునీటిలో నానబెట్టి, మంచినీట జాడించి, పిండక తువాలులో అద్ది, నీడను పరచి ఆరబెట్టినది. జిగురు పూసినయెడల నూలు కాలక్రమమున పసుపుబారును గనుక, ముదురు నీలి గుడ్డపై పరచి సన్నదారముతో అక్కడక్కడ కుట్టినది. అద్దము లేసును అదుమకుండ అంచులవెంబడి సన్నని బద్దలు పెట్టించినది. ఎండయు చెమ్మయు తగులని గోడకు వ్రేలాడదీసినది.

"ఎవరు అల్లినారమ్మా?" అని అడిగితిమి.

"మా అమ్మేనండి, అయ్యగారూ."

ఆ తల్లి వసారాలోనే కూర్చుండియున్నది. ఆమెను దాటుకొనియే మేము లోనికి వచ్చితిమి. వందనము చెప్పితిమేగాని నిలిచి మాటాడలేదు. ఆమెను లోనికి పిలిచితిమి. చూపు మందగించిన ఆమె పటము దగ్గరకు వచ్చి చేయి చాపినది. చేతికి అద్దము తగిలినది.

"నాకు కళ్లు ఆనవు అయ్యగారూ. వేళ్లకైతే తెలిసేది" అన్నది.

కుమార్తె పెట్టెలోని మరియొక చిన్న ముక్కను తెచ్చి తల్లి చేతిలో పెట్టినది. ఆమె వేళ్లతో తడవి చూచి, "ఇదిగో, ఇక్కడ ఒక అల్లిక తప్పాను" అని నవ్వినది. కన్నులున్న మాలో ఎవరికిని అది కనబడలేదు.

యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు ఏడ్చుచు, ఆమె కుట్టిన వస్త్రములను పేతురునకు చూపిరి. అవి మంచి వస్త్రములే. అయితే పేతురు వాటిని మెచ్చుకొని వెళ్లిపోలేదు. మోకాళ్లూని ప్రార్థించి, ఆమెను సజీవురాలిగా వారికి అప్పగించెను. కుట్టిన బట్టలు మిగిలినవి చాలునని ప్రభువు తలంచలేదు. కుట్టిన మనిషిని తిరిగి ఇచ్చెను.

మనమో, పనిని గోడకెక్కించి మనిషిని వసారాలో మరచుచున్నాము. లేసునకు చెమ్మ తగులకుండ చూచుకొనుచు, తల్లి కన్నులను వైద్యునికి చూపించుటకు ఆలస్యము చేయుచున్నాము. అల్లికను మెచ్చుకొనుచు, అల్లినవారి కూలియొద్ద బేరమాడుచున్నాము.

పటము కట్టించుడి, అది మంచిది. దాని క్రింద అల్లినవారి పేరు వ్రాయించుడి. అయితే అంతకుముందు ఆమె ప్రక్కను కూర్చుండుడి. ఆమె వేళ్లలోని విద్యను మనుమరాండ్రకు నేర్పించుడి. ఆమెకు రావలసిన కూలిని తగ్గింపక చెల్లించుడి.

తల్లి గర్భములో మనలను అల్లిన దేవుడు, అల్లిన చేతులను గౌరవించు మనస్సును మనకు అనుగ్రహించును గాక. ఆమేన్.