గోడను ఎంత లోతు గీకాలి?

పాత ఇంటికి కొత్త రంగు వేయాలంటే ముందు గోడ గీకాలి. కోనసీమలో మా పెద్దమ్మ వాళ్ళ పెంకుటింట్లో, వంటింటికి ముందున్న గదిలో స్క్రాపర్ పెట్టగానే లేతగులాబీ డిస్టెంపర్ పొడిపొడిగా రాలింది. నడుం ఎత్తు దాకా దాని కింద ముదురాకుపచ్చ ఆయిల్ పెయింటు. అది అంత సులువుగా లొంగలేదు, పెచ్చులు పెచ్చులుగా లేచింది. ఆ లోపల నీలిమందు కలిపిన వెల్ల. పండక్కీ పండక్కీ వేసిన పూతలు ఒకదాని మీద ఒకటి అట్టకట్టి ఉన్నాయి. గుమ్మం పక్కన, ఆ వెల్ల మీద పెన్సిలు గీతలు కనబడ్డాయి. నాలుగు నిలువు గీతలు, వాటిని కొట్టేస్తూ ఒక అడ్డగీత, మళ్ళీ నాలుగు. పాలవాడి లెక్క. మేస్త్రి చెయ్యి ఆపి, "ఇది ఉంచమంటారా అండి, గీకెయ్యమంటారా?" అని అడిగాడు.

ఆ మాటకు వెంటనే జవాబు చెప్పడం కష్టం. ఎందుకంటే గోడకు ఇదీ అసలు రూపం అని చూపించగల పొర ఏదీ లేదు. వెల్ల కింద గచ్చు, గచ్చు కింద ఇటుక, ఇటుకల మధ్య మట్టి. ప్రతి పూతా ఎవరో ఒకరికి ఒకనాడు కొత్త రంగే. మిళిందపన్హ అనే బౌద్ధ గ్రంథంలో నాగసేనుడనే భిక్షువు రాజును నిలదీస్తాడు: రథమంటే ఇరుసా, చక్రాలా, నొగా? విడివిడిగా ఏదీ రథం కాదు, అన్నీ కూడితే మనం పెట్టుకున్న పేరు అది. ఇల్లూ అంతే అనుకోవచ్చు. పెంకులు మారాయి, వాసాలు కొన్ని మారాయి, అయినా పెద్దమ్మ ఇల్లు పెద్దమ్మ ఇల్లే. అయితే ఈ తర్కం మనల్ని సగం దూరమే తీసుకువెళుతుంది. ఇంటి లోపల మనుషులుంటారు. ఏ పొర నిలవాలో తేల్చే మాట వాళ్ళ బతుకుకు తగులుతుంది.

1877లో ఇంగ్లండులో విలియం మోరిస్ పాత కట్టడాల రక్షణకు ఒక సంఘం పెట్టాడు. ఆ రోజుల్లో అక్కడి చర్చిల గోడలు గీకేసి, మధ్యయుగంలో ఇలాగే ఉండేవని ఊహించుకుని ఆ రూపం తెచ్చిపెట్టే పని జోరుగా సాగుతోంది. దాన్ని ఎదిరించారు కనకే ఆ సంఘానికి 'గీకుడు వ్యతిరేకులు' అనే అర్థంలో ఒక ముద్దుపేరు వచ్చింది. కాలం చేర్చిన ప్రతి పొరా చరిత్రే, నచ్చినచోట ఆగి మిగతాది చెరిపే హక్కు మనకు లేదు అన్నది ఆయన వాదం. నాకు దాని మీద ఎంతో గౌరవం. కానీ చర్చిలో ఎవరూ కాపురం చేయరు. కట్టెల పొయ్యి ముందు కూర్చుని గొట్టం ఊదరు.

విదేశంలో స్థిరపడిన మా అన్నయ్య వంటింటిని ముట్టుకోవద్దన్నాడు. మసిబారిన గోడ, జంట పొయ్యిలు, ఉట్టి వేలాడదీసిన కొక్కెం, అన్నీ అలాగే ఉండాలన్నాడు. అతని ప్రేమ నిజమైనదే. పెద్దమ్మ మాత్రం ఒప్పుకోలేదు. "నీకేంరా అబ్బాయ్, చూసి వెళ్ళిపోతావు. ఆ పొగలో కళ్ళు మండించుకున్నది నేను. కిటికీ పెద్దది పెట్టించి తెల్ల టైల్సు వేయించు" అంది. పాల గీతలు మాత్రం ఉంచమంది. అది ఆవిడ అమ్మిన పాల లెక్క; ఆ ఇంట్లో ఆవిడ చేతికి డబ్బొచ్చిన పద్దు అదొక్కటేనట. మా ఇద్దరిలో ఎవరికీ ఆ గీతల విలువ అలా తట్టలేదు.

అప్పటి నుంచి ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. పాత ఇంటి మీద బెంగ ఎవరిది? ఎక్కువగా ఆ ఇంట్లో విస్తరి ముందు కూర్చున్నవాళ్ళది. వడ్డించినవాళ్ళ జ్ఞాపకం వేరు. అలాంటి ఇళ్ళలో పెరటివైపు ఒక చీకటి గది ఉంటుంది. చింతపండు జాడీలకూ పురిటి మంచానికీ అదే చోటు. కొన్ని ఇళ్ళలో చిన్నప్పుడే మొగుడు పోయిన ఆడపిల్లకూ అదే. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించిన తర్వాత కూడా, చాలా ఊళ్ళలో ఆ గదుల్లోకి వెలుతురు రావడానికి ఎంతో కాలం పట్టింది. ఇటుక మోసినవాళ్ళు, గోడకు వెల్ల వేసినవాళ్ళు గృహప్రవేశం అయ్యాక అరుగు దాటి లోపలికి రాకూడని ఇళ్ళు కూడా వాటిలో ఉన్నాయి. ఆ గది గోడ పగలగొట్టి కిటికీ పెడితే చరిత్ర చెరిపినట్టా? నేనైతే పగలగొట్టమంటాను. ఆ గదిలో ఎవరు ఎందుకు ఉండాల్సి వచ్చిందో పిల్లలకు చెప్పడానికి ఆ చీకటిని కాపాడుకోవాల్సిన పని లేదు.

గోడ సంగతి వేరు. అది ఎవరినీ బాధపెట్టలేదు, పైగా దాని పద్ధతి మనకన్నా తెలివైనది. సున్నపురాయిని బట్టీలో దాదాపు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే అందులోని బొగ్గుపులుసు వాయువు వెళ్ళిపోతుంది. స్వచ్ఛమైన రాయి 100 కిలోలు కాలిస్తే 56 కిలోల సున్నం మిగులుతుంది. నీళ్ళు పోస్తే సలసల కాగి విరుగుతుంది. గోడకు పూశాక, పోగొట్టుకున్న వాయువునే గాలిలోంచి మెల్లమెల్లగా తీసుకుని తిరిగి రాయవుతుంది. ఆ రాయికి సన్నటి రంధ్రాలుంటాయి. పాత గోడల పునాదిలో చెమ్మను ఆపే పొర వేయలేదు, అందుకని నేలలోని తడి గోడలోకి ఎగబాకుతుంది, ఎక్కినది ఎక్కినట్టే సున్నంలోంచి ఆరిపోతుంది. దాని మీద సిమెంటు పూసి, పుట్టీ పట్టించి, ఎమల్షన్ కొడితే ఆ దారి మూసుకుపోతుంది. తడి ఇంకా పైకి ఎక్కుతుంది. దానితో వచ్చిన ఉప్పు రంగు వెనకాల గడ్డకట్టి, పూతను పొక్కుల్లా లేపుతుంది. గోడ పాతదైపోయిందనుకుని మనం మళ్ళీ ఇంకో పూత వేయిస్తాం. పెద్దమ్మ ఇంట్లో ఆకుపచ్చ పెయింటు ఉన్నంత మేర గచ్చు గుల్లబారిపోయి ఉంది. వేలితో నొక్కితే ఇసుకలా రాలింది.

తలుపుల దగ్గర ఇంకో చిక్కు. ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు 1 నుంచే అమలైంది. అంతకు ముందువాటిలో, ముఖ్యంగా పసుపు, ఎరుపు ఆయిల్ రంగుల్లో, అంతకన్నా ఎక్కువ సీసం ఉండే అవకాశం బాగా ఉంది. గరుకు కాగితంతో పొడిగా రుద్దితే ఆ దుమ్ము రుద్దేవాడి ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది, నేల మీద పాకే పసివాడి నోట్లోకి వెళుతుంది. తడిపి రుద్దాలి, ముక్కుకు సరైన మాస్కు కట్టుకోవాలి, పిల్లల్ని దూరంగా ఉంచాలి. అలా చేస్తే పని నెమ్మదిగా సాగుతుంది, కూలి పెరుగుతుంది. తాతగారి తలుపు చెక్కలోని నగిషీ మళ్ళీ చూడాలని మనకు ముచ్చటగా ఉంటే, ఆ పెరిగిన కూలి మనమే ఇచ్చుకోవాలి. ముఖానికి తువ్వాలు చుట్టుకుని రోజంతా గొంతుక్కూర్చున్న మనిషి మీద ఆ ఖర్చు వేయడం న్యాయం కాదు.

చివరికి గోడలకు సున్నానికే ఓటు వేశాం. దానికీ ఒక షరతు ఉంది. ఏడాదికో రెండేళ్ళకో మళ్ళీ వేయాలి, అంటే ఇంట్లో మనుషులుండాలి. పిల్లలు హైదరాబాదులోనో డాలస్‌లోనో ఉంటే, ఎప్పుడో ఒక సంక్రాంతికి తాళం తీసే ఇంటికి ఈ పద్ధతి నప్పదు. అందుకే అందరూ ఎమల్షన్ వైపు వెళుతున్నారేమో, వాళ్ళను తప్పు పట్టలేను. కానీ పెద్దమ్మ తర్వాత ఆ ఇంటిని అద్దం పెట్టెలో బొమ్మలా ఉంచాలన్న ఆలోచన నాకు నచ్చలేదు. ఊళ్ళో బడిపంతులు కుటుంబానికి అద్దెకిద్దామని అన్నయ్యతో అన్నాను. వాళ్ళు తమకు నచ్చిన రంగు కలిపి వెల్ల వేసుకోవచ్చు, క్యాలెండరుకు కావలసినచోట మేకు కొట్టుకోవచ్చు. పాల గీతల మీద వెల్ల వేస్తానన్నా అడ్డు చెప్పకూడదని కూడా అన్నాను. అన్నయ్య ఇంకా ఆలోచిస్తున్నాడు.