మన మెక్కని మెట్లు

“మేము కష్టపడి పైకి వచ్చితిమి” అను మాట విద్యావంతుల యిండ్లలో తఱచుగా వినబడుచుండును. అది యసత్యమని మే మనము. పరీక్షలకై రాత్రులు మేలుకొనినవారును, అద్దెగదిలో నొంటిపూట భోజనముతో జదివినవారును మన చదువరులలో ననేకులు గలరు. అయినను ఎక్కిన మెట్లను లెక్కించునపుడు, ఏ మెట్టునుండి యెక్క నారంభించితిమో యెవ్వరును జెప్పరు.

1951వ సంవత్సరపు జనాభా లెక్కలయందు మన దేశమున నూటికి సుమారు 18 మంది మాత్రమే యక్షరాస్యులని తేలెను. ఆ కొలదిమందిలో మన తాతగా రొకరై యుండినచో, మన చదువు మనము పుట్టకమునుపే సగము పూర్తియైనట్లు. ఉత్తరములు వ్రాయగల యమ్మమ్మ, పట్టణమున నుద్యోగము చేయు మేనమామ, ఏ దరఖాస్తు ఎప్పుడు పెట్టవలెనో యెఱిగిన పెదనాన్న: వీరిలో నెవ్వరిని మనము శ్రమించి సంపాదించుకొంటిమి? గ్రామాధికారము తండ్రినుండి కొడుకునకు సంక్రమించు పద్ధతిని చూడుడు. అందులకు వీలిచ్చిన 1895 నాటి మద్రాసు చట్టపు నిబంధన చెల్లదని సుప్రీంకోర్టు 1960లో తీర్పు చెప్పెను. కరణము, మునసబు పదవులనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1984లో రద్దుచేసెను. పదవి పోయినది, దానితోబాటు ఆ యిండ్ల కబ్బిన కాగితముల పరిచయము పోయినదా? కచేరీ గడప దాటుటకు జంకకపోవుటయు నొక యాస్తియే. దానికి దస్తావేజు లేదు గనుక ఎవరికిని గానరాదు.

“పూర్వులు చేసినదానికి మేమేల బాధ్యులము?” అని కొంద ఱడుగుదురు. అపరాధులము కాము, నిజమే. కాని తండ్రి పొలమును పుచ్చుకొని, తండ్రి యప్పు తనది కాదను కొడుకును మన యూళ్లలో నెవ్వరును మెచ్చరు.

ఇక వంటింటి సంగతి. అస్పృశ్యతను రద్దుచేసిన రాజ్యాంగపు 17వ అధికరణము 1950 నుండి అమలులో నున్నది. అయినను పనిచేయు నామె కాఫీ త్రాగు గ్లాసు కిటికీమీద వేఱుగా నుండు నిండ్లు నేటికిని గలవు. శుభ్రతకొఱకే యని సమాధానము చెప్పుదురు. మన కంచములను, మన బిడ్డల పాలగిన్నెలను తోము చేతులు శుభ్రమైనవే యట. ఆ మనిషి పెదవులు తాకిన గ్లాసు మాత్రము కాదట! ఈ తర్కమును మే మెంత యోచించినను గ్రహింపజాలకున్నాము.

గ్లాసునైన నొకనాడు మార్చవచ్చును. మార్చుట కష్టమైనది వేఱొకటి కలదు. ఆమె కూతురు ఇంటర్మీడియటు ముగించి, “ఇక నేమి చదువమందు రమ్మగారూ?” యని యడుగ వచ్చును. “ఏదైన కుట్టుపని నేర్చుకొనుము, త్వరగా నాలుగు రూకలు చేతికి వచ్చును” అని మనలో పెక్కురు తడుముకొనక చెప్పుదురు. అది దయతో చెప్పిన మాటయే. కాని యదే వేసవిలో, అదే పరీక్ష ముగించిన మన యమ్మాయికై నాలుగు కళాశాలల వివరములు తెప్పింతుము, బంధువుల నడుగుదుము, ఏ శాఖ మేలని వారముల తరబడి చర్చింతుము. త్వరగా సంపాదించు ప్రసక్తి ఆ చర్చలో నొక్కసారియైన రాదు. ఆ కాగితములన్నియు బల్లమీదనే యున్నవి. గడువు తేదీలు ఇరువురు బాలికలకును ఒక్కటియే.