పాట వినట్లేదురా నువ్వు



నవవిధ భక్తుల గురించి వీడియో చేసినప్పుడు శ్రవణం దగ్గర ఒక మాట అని వదిలేశాను. "వినడం మనం అనుకున్నంత తేలిక కాదు, దాని గురించి విడిగా రాస్తాను" అని. ఇదిగో, ఆ బాకీ ఇప్పుడు తీరుస్తున్నాను. కాకపోతే ఇది భాగవతంతో మొదలవదు. మా హాల్లో ఉన్న ఒక ప్లాస్టిక్ గిటార్‌తో మొదలవుతుంది.

నవ్వకండి. నాకు నిజం గిటార్ రాదు. నాది గిటార్ హీరో. అమెరికా నుంచి వచ్చేస్తూ నా ఇంజినీరింగ్ రూమ్మేట్ ఒకడు తన పాత ప్లేస్టేషన్ 3, గిటార్ హీరో 3 డిస్కు, దాంతో వచ్చిన గిటార్ నాకిచ్చేశాడు. ఈ గేమ్ మొదటిది 2005లో వచ్చింది, మా దగ్గరున్న మూడోది 2007 నాటిది. అంటే నేను స్కూల్లో ఉన్నప్పటి గేమ్ ఇప్పుడు నిజాంపేటలో నా ఫ్లాట్‌లో ఆడుతున్నానన్నమాట.

తెలియనివాళ్ళ కోసం చెప్తాను. ఈ గిటార్‌కి తీగలుండవు. మెడ మీద ఐదు బటన్లుంటాయి: ఆకుపచ్చ, ఎరుపు, పసుపు, నీలం, నారింజ. తీగలు ఉండాల్సిన చోట పైకీ కిందకీ కదిలే ఒక పట్టీ ఉంటుంది. పాట మొదలవగానే టీవీలో రోడ్డులాంటి దారి మీద రంగు చుక్కలు మనవైపు జారుకుంటూ వస్తాయి. చుక్క కిందకొచ్చిన క్షణానికి ఆ రంగు బటన్ నొక్కి పట్టీ మీటాలి. సరిగ్గా మీటితే పాటలో గిటార్ వినిపిస్తుంది. తప్పితే గిటార్ మూగబోతుంది. డ్రమ్స్, గొంతు నడుస్తూనే ఉంటాయి, గిటార్ ఒక్కటే ఉండదు.

దీంట్లో అసలు మత్తు ఎక్కడుందంటే, లెక్కలో. వరసగా 10 చుక్కలు తప్పకుండా కొడితే పాయింట్లు రెండింతలు. 20కి మూడింతలు, 30కి నాలుగింతలు. ఒక్కటి తప్పిందా, మళ్ళీ మొదటికి. ఆఫీసులో రోజంతా పని చేసినా "బాగా చేశావు" అనే దిక్కుండదు. ఇక్కడ సెకనుకోసారి అంటుంది. ఇంకేం కావాలి?

అలా ఒక రాత్రి తొమ్మిదింటికి ఆడుతున్నాను. డ్రాగన్‌ఫోర్స్ వాళ్ళ 'త్రూ ది ఫైర్ అండ్ ఫ్లేమ్స్'. ఈ గేమ్ ఆడినవాళ్ళకి ఆ పేరు చెప్తే చాలు, వేళ్ళు నొప్పెడతాయి. ఏడు నిమిషాలు దాటే పాట. ఎక్స్‌పర్ట్‌లో 3,722 చుక్కలు. నేను ఆడుతున్నది మీడియంలోనే లెండి, అయినా మొదటిసారి ఆరు నిమిషాలు దాటాను.

సరిగ్గా అప్పుడే అమ్మ ఫోన్. రోజూ ఆ టైమ్‌కే చేస్తుంది. చిటికెన వేలితో స్పీకర్ ఆన్ చేసి ఫోన్ సోఫా మీద పడేశాను. అమ్మ ఏదో చెప్తోంది. నేను ఊ, ఊ అంటున్నాను. చివర్లో "సరే అమ్మా, మంచిది, పడుకోండి" అన్నాను. పాట అయిపోయింది. నాలుగు స్టార్లు వచ్చాయి. టీవీకి ఫోటో తీసుకున్నాను.

తెల్లవారుజామున ఐదింటికి పక్కింటి బాబాయి ఫోన్ చేశారు. తెనాలి దగ్గర మా ఊరి నుంచి నాన్నని గుంటూరు హాస్పిటల్‌కి తీసుకొచ్చారట. గుండెపోటు. స్టెంట్ వేయాలంటున్నారట.

దొరికిన బస్సు ఎక్కేశాను. బస్సులోంచి అమ్మకి ఫోన్ చేసి, నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది, గట్టిగా అరిచాను. "రాత్రే ఎందుకు చెప్పలేదమ్మా?"

అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అంది. "చెప్పాను కదరా. నాన్నకి ఛాతీ పట్టేసినట్టుంది, చెమటలు పడుతున్నాయి, గ్యాసేమో అంటున్నారు, ఏం చేయమంటావురా అనడిగాను. మంచిది, పడుకోండి అన్నావు."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది, అంతే. నాకు మాత్రం అందులో ఒక్క ముక్క కూడా గుర్తులేదు. విని మర్చిపోవడం కాదు, అసలు వినలేదు. గిటార్ మీదే స్టార్ట్ బటన్ ఉంటుంది. బొటనవేలు కాస్త జరిపితే గేమ్ ఆగిపోయేది. ఆపలేదు. స్ట్రీక్ పోతుందని.

దేవుడి దయ, నాన్న బయటపడ్డారు. (ఇది చదివేవాళ్ళకి ఒక్క మాట: ఛాతీ పట్టేసి చెమటలు పడుతుంటే తెల్లారేదాకా ఆగకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. జపమాల దారిలో తిప్పుకోవచ్చు.)

*

నెల తర్వాత అమ్మానాన్నల్ని నిజాంపేట తీసుకొచ్చాను. వాళ్ళకి బాగా కనపడాలని పెద్ద టీవీ కొన్నాను. గిటార్‌ని అల్మారాలో బట్టల వెనక దాచేశాను. చూస్తే కడుపులో దేవినట్టుండేది. దాన్ని నాన్నే బయటికి లాగారు.

"ఇదేంట్రా, తీగల్లేని వీణా?"

ఏం లేదు నాన్నా అంటే వదల్లేదు. ఆడి చూపించమన్నారు. నాన్న మా ఊరి రామాలయంలో ముప్పై ఏళ్ళుగా శనివారం భజనకి తాళాలు వేస్తారు. తాళం అనే మాట వినపడితే చాలు, ఆయన కదలరు.

తేలిక పాట ఒకటి పెట్టాను. కళ్ళు మూసుకుని కొట్టగలిగే పాట. అయినా వరసపెట్టి తప్పుతోంది. గిటార్ మాటిమాటికీ మూగబోతోంది. "టీవీ కొత్తది కదా నాన్నా, దీంట్లో ఏదో తేడా ఉంది" అన్నాను. నాన్న సోఫాలో కళ్ళు మూసుకుని తొడ మీద తాళం వేస్తున్నారు. ఇంగ్లీషు ముక్క అర్థం కాని పాటకి కూడా తాళం తప్పట్లేదు.

"టీవీ సంగతి నాకు తెలీదు గానీ, నువ్వు పాట వినట్లేదురా" అన్నారు. "చుక్కలు చూస్తున్నావు. పాట ఒకచోట ఉంది, నీ చెయ్యి ఇంకోచోట ఉంది."

ఇంజినీర్‌ని కదా, కారణం వెతికాను. నాన్న చెప్పింది అక్షరాలా నిజం. కొత్త టీవీలు బొమ్మని అందంగా దిద్ది చూపించడానికి కాస్త టైమ్ తీసుకుంటాయి. అందుకే బొమ్మ శబ్దం కంటే కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యంగా కనపడుతుంది. దాన్నే లాగ్ అంటాం. కంటిని నమ్మి కొడితే, పాట అప్పటికే ముందుకెళ్ళిపోయి ఉంటుంది. గేమ్ సెట్టింగ్స్‌లో దీన్ని సరిచేసే ఆప్షన్ ఉంది. రెండు నిమిషాల పని. చేసేశాను.

టీవీది సరే. నాదో? అమ్మ రాత్రి తొమ్మిదింటికి చెప్పిన మాట నాకు మర్నాడు పొద్దున ఐదింటికి చేరింది. మా టీవీ లాగ్ మిల్లీసెకన్లు. నా లాగ్ ఎనిమిది గంటలు.

*

ఇప్పుడు భాగవతానికి వద్దాం.

సప్తమ స్కంధంలో హిరణ్యకశిపుడు ప్రహ్లాదుణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఏం చదువుకున్నావు నాయనా అని అడుగుతాడు. ఆ పిల్లవాడు తొమ్మిది రకాల భక్తి చెప్తాడు. అందులో మొదటిది శ్రవణం. కీర్తనం రెండోది. పాడటం కంటే ముందు వినడం పెట్టాడు. ఎందుకు? వినని వాడి దగ్గర పాడటానికి ఏముంటుంది? తన గోలే ఉంటుంది.

శ్రవణ భక్తికి పెద్దలు ఎవరిని ఉదాహరణగా చెప్తారు? పరీక్షిత్తుని. ఆయన కథ మీ అందరికీ తెలుసు, కానీ ఒక్కసారి ఈ కోణంలో చూడండి. వేటకెళ్ళి దాహంతో శమీక మహర్షి ఆశ్రమానికి వస్తాడు. నీళ్ళు అడుగుతాడు. మహర్షి సమాధిలో ఉండి పలకడు. నేను అడుగుతుంటే వినడా అని రాజుకి కోపం. చచ్చిన పాముని ఆయన మెడలో వేసి పోతాడు. మహర్షి కొడుకు శృంగి శపిస్తాడు: ఏడో రోజుకి తక్షకుడు కాటేస్తాడని.

శాపం సంగతి తెలిశాక పరీక్షిత్తు ఏం చేశాడు? రాజ్యం వదిలి గంగ ఒడ్డున కూర్చున్నాడు. శుకమహర్షి వస్తే, చావు దగ్గరపడ్డవాడు చేయాల్సిందేంటని అడిగాడు. అడిగి, విన్నాడు. ఏడు రోజులు. దాహం వల్ల తప్పు చేసిన మనిషి, హరికథ తాగుతుంటే నాకు ఆకలిదప్పులే తెలియట్లేదు అని శుకుడితో అంటాడు. తన మాట వినలేదని కోప్పడినవాడు, వినడం అంటే ఏంటో లోకానికి చూపించినవాడయ్యాడు.

శమీకుడు వినలేదు, సమాధిలో ఉన్నాడు కాబట్టి. నేను వినలేదు, నాలుగు స్టార్ల కోసం. ఆ తేడా నాకు తెలుసు లెండి.

*

ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. ఇది గేమ్ గురించి మాత్రమే కాదు.

నా ఫోన్‌లో జపం లెక్కపెట్టే యాప్ ఉంది. రోజుకి 108. అప్పటికి 140 రోజులుగా ఒక్కరోజు తప్పలేదు. నాన్నకి స్టెంట్ వేసిన రోజు రాత్రి పన్నెండుకి ఐదు నిమిషాల ముందు, హాస్పిటల్ వరండాలో కూర్చుని గుర్తొచ్చింది. గబగబా తెరిచి, టకటకా 108 సార్లు నొక్కాను. స్ట్రీక్ నిలబడింది. నాన్న కోసం కాదు, రాముడి కోసం కాదు. ఆ అంకె కోసం. ఆ 108లో ఒక్క నామం కూడా నా చెవిన పడలేదు.

చేతిలో ప్లాస్టిక్ గిటార్ ఉన్నా, జపం యాప్ ఉన్నా, నేను చేసింది ఒకే పని. చుక్కలు కొట్టాను, పాట వినలేదు.

విష్ణు సహస్రనామం ఒకటిన్నర స్పీడ్‌లో పెట్టి మెయిల్స్ చూసుకున్న రోజులు కూడా ఉన్నాయి. మీలో ఎంతమందికి ఉన్నాయో నేను అడగను.

లెక్క తప్పని నేననను. మాల పెద్దలిచ్చిందే. మనసు పారిపోకుండా అది కంచె. కానీ కంచె చూసుకుని పంట పండిందనుకుంటే ఎలా?

గిటార్ హీరోలో నాకు బాగా నచ్చే విషయం ఒకటుంది. ఆ గిటార్ వాయించేది మనం కాదు. అసలు కళాకారుడు ఎప్పుడో వాయించి రికార్డ్ చేశాడు. మనం అడ్డుపడకపోతే అది వినిపిస్తుంది, తప్పితే మూగబోతుంది. అంతే మన పాత్ర. గీత పదకొండో అధ్యాయంలో కృష్ణుడు అర్జునుడికి నువ్వు నిమిత్తమాత్రుడివి అని చెప్పింది గుర్తు చేసుకోండి. వాయించేవాడు వేరే ఉన్నాడు. మన పని ఆయన్ని వింటూ చెయ్యి కలపడం. వినకుండా చెయ్యి ఎలా కలుస్తుంది?

*

అమ్మకి క్షమాపణ చెప్పడానికి నాకు చాలా రోజులు పట్టింది. ఒక రాత్రి చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే పక్కన కూర్చుని చెప్పాను. ఆ రోజు నువ్వు చెప్పింది నేను వినలేదమ్మా, గేమ్ ఆడుతున్నాను అని.

అమ్మ తలెత్తకుండానే అంది. "అవునా. నేనే సరిగ్గా చెప్పలేదేమో అనుకున్నానురా."

నెల రోజులుగా అమ్మ ఆ తప్పు తనదే అనుకుంటూ ఉందన్నమాట. మనం వినకపోతే జరిగేది ఇదే. అవతలివాళ్ళు మనల్ని తప్పుపట్టరు. తమ గొంతులోనే ఏదో లోపం ఉందనుకుని, మెల్లగా చెప్పడం మానేస్తారు.

నేను గిటార్ పారేయలేదు. మీరు కూడా మీ గేమ్స్ పారేయక్కర్లేదు. ఈ వారం రెండే పనులు చేద్దాం. ఒకటి, ఇంటి నుంచి ఫోన్ వస్తే చేతిలో ఉన్నది ఆపేసి మాట్లాడదాం. పాజ్ బటన్ ఉన్నది అందుకే, పరీక్షిత్తుకి అది కూడా లేదు. రెండు, జపంలో మొదటి పదకొండు నామాలు మెల్లగా, మన చెవికి మనమే వినపడేలా అందాం. మిగతావి తర్వాత. నా యాప్‌లో స్ట్రీక్ ఈమధ్య తెగింది. ఏమీ కాలేదు.

ఆదివారాలు మాత్రం గిటార్ బయటికి వస్తుంది. నాన్న సోఫాలో కళ్ళు మూసుకుని తాళం వేస్తారు. నేను చుక్కల్ని కాకుండా ఆయన చేతిని వింటూ మీటుతాను. స్కోరు పెద్దగా పెరగలేదు. కానీ అమ్మ వంటింట్లోంచి పిలిస్తే మొదటిసారికే వినపడుతోంది.

శ్రీకృష్ణార్పణమస్తు.