మంత్రం తెలియని ప్రాణికి అభయం

ఉరిమినప్పుడు ‘అర్జునా, ఫల్గుణా’ అనుకోమని తెలుగిళ్లలో పిల్లలకు పెద్దలు నేర్పుతారు. అర్జునుడి పేర్లు ఒక్కొక్కటీ తలుచుకునేలోపే ఉరుము దాటిపోతుంది. ఆ పేర్లు పిడుగును ఆపుతాయో లేదో గానీ, చాలామంది పిల్లల గుండెదడను మాత్రం ఆపాయి. భయపడ్డ మనిషికి పట్టుకోవడానికి ఒక మాటైనా ఉంది. అదే ఇంట్లో మంచం కింద దూరిన 12 ఏళ్ల కుక్కకు అదీ లేదు. ఒళ్లంతా వణుకుతూ, రొప్పుతూ, చొంగ కారుస్తూ, గోళ్లతో గోడ మూలను గీరుతూ ఉంటుంది. ‘నేనున్నాను, భయపడకు’ అన్న మాట అర్థం కాని ప్రాణికి అభయం ఇవ్వడం సాధ్యమేనా?

ముసలి కుక్కల దగ్గర ఈ ప్రశ్న ఇంకా బరువెక్కుతుంది. ఏళ్ల తరబడి దీపావళికి కూడా బెదరని కుక్క, పదో ఏట ఉన్నట్టుండి ఉరుముకు బెదరడం మొదలుపెడుతుంది. వయసు మీద పడింది, చాదస్తం వచ్చిందని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకుంటారు. బ్రిటన్‌లోని లింకన్ విశ్వవిద్యాలయం, బ్రెజిల్ పరిశోధకులు కలిసి 2018లో ప్రచురించిన ఒక అధ్యయనం ఇక్కడే ఆగి ఆలోచించమంటుంది. శబ్దాలకు భయపడే 20 కుక్కలను వాళ్లు పరిశీలించారు. ఒంట్లో నొప్పి ఉన్నవాటికి ఈ భయం, నొప్పి లేనివాటికన్నా సగటున దాదాపు నాలుగేళ్లు ఆలస్యంగా మొదలైంది. కారణం ఇలా అయి ఉండవచ్చని వాళ్ల ఊహ: చప్పుడుకు ఉలిక్కిపడితే కండరాలు బిగుసుకుంటాయి, అరిగిన కీలు కలుక్కుమంటుంది. నొప్పికీ చప్పుడుకీ అలా ముడిపడిపోతుంది. నొప్పికి వైద్యం చేశాక ఆ కుక్కల్లో చాలావాటి భయం తగ్గింది.

నొప్పి ఒక్కటే కాదు. ముసలితనంలో కొన్ని కుక్కలకు మతిమరుపు జబ్బు వస్తుంది. రాత్రి నిద్ర చెదిరి, తెలిసిన గదే కొత్తగా కనిపిస్తుంది. చూపూ వినికిడీ మందగిస్తే చప్పుడు ఎటునుంచి వచ్చిందో తేల్చుకోవడం కష్టం. కాబట్టి కుర్ర కుక్క బెదురుకూ ముసలిదాని బెదురుకూ ఒకే వైద్యం చేస్తే, అది పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రం చదివినట్టే.

తాడును పామనుకుని వణికేవాడికి దీపం తెచ్చి చూపిస్తే భయం పోతుందని వేదాంతం చెబుతుంది. మనిషి విషయంలో అది నిజం. మెరుపు వేడికి గాలి ఒక్కసారిగా వ్యాకోచించడమే ఉరుమని తెలిశాక బెదురు కొంత తగ్గుతుంది. కుక్క ముందు ఆ దీపం పెట్టలేం. అంతమాత్రాన దాని భయం తక్కువరకం భయమంటే శంకరాచార్యులు ఒప్పుకోరు. బ్రహ్మసూత్ర భాష్యం మొదట్లోనే ఆయన పశువుల సంగతి ఎత్తుకున్నారు. కర్ర ఎత్తినవాణ్ని చూస్తే పశువు పారిపోతుంది, పచ్చగడ్డి పట్టుకొచ్చినవాడి దగ్గరికి వెళ్తుంది. కత్తి దూసినవాడి ముందు వివేకం గల మనిషి చేసేదీ అదే, ఇద్దరికీ తేడా లేదంటారు. భయంలో మనిషీ పశువూ ఒకే పంక్తిలో కూర్చుంటారన్నమాట.

భారతం ఈ సంగతిని కథగా చెప్పింది. ఆదిపర్వంలో జనమేజయ మహారాజు తమ్ముళ్లు, యజ్ఞశాలకు వచ్చిన కుక్కపిల్లను ఏ తప్పూ లేకుండా కొట్టి తరుముతారు. దాని తల్లి సరమ వచ్చి, ఊహించని భయం మిమ్మల్ని చుట్టుకుంటుందని రాజుకు చెబుతుంది. నన్నయ తెలుగులోనూ ఈ ఘట్టం ఉంది. ఎటునుంచి వస్తుందో, ఎందుకు వస్తుందో తెలియని భయం ఎంత పెద్ద శిక్షో ఆ తల్లికి తెలుసు. మహాప్రస్థానంలో ధర్మరాజు, వెంట వచ్చిన కుక్కను వదిలి స్వర్గానికి రానంటాడు. ఎవరిని విడవకూడదో ఇంద్రుడికి చెబుతూ ఆయన మొదట తలచేది భయపడినవాణ్ని; ఆ వెనుకే నమ్ముకున్నవాణ్ని, దిక్కులేనివాణ్ని, శక్తి ఉడిగినవాణ్ని. మంచం కింది ముసలి కుక్కకు ఇవన్నీ వర్తిస్తాయి.

ఇంతకీ అభయమంటే ఏమిటి? సన్యాసం తీసుకునేవాడు సర్వభూతాలకూ అభయం ఇస్తాడు. లోకంలోని భయాలన్నీ తీరుస్తానని కాదు, నా వల్ల ఏ ప్రాణికీ భయం ఉండదని. ఈ తేడా చాలా ముఖ్యం. ఉరుము మన చేతిలో లేదు, బాణాసంచా ఉంది. నాలుగు మీటర్ల దూరంలో 125 డెసిబెల్స్ మించే టపాసులను మన నిబంధనలు ఒప్పుకోవు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా టపాసులు కాల్చరాదని సుప్రీంకోర్టు 2005లోనే చెప్పింది. జల్లికట్టు కేసులో 2014 నాటి తీర్పు, భయం నుంచీ వేదన నుంచీ విముక్తిని జంతువులకు ఉండాల్సిన స్వేచ్ఛల్లో ఒకటిగా గుర్తించింది. వీధి చివర అర్ధరాత్రి లక్ష్మీబాంబు పేల్చేవాడు, ఇష్టపడి పెంచుకున్న కుక్క ఇంట్లో ఉన్నా సరే, ‘నా వల్ల’ అన్న మాట తప్పుతున్నాడు.

ఉరుముల రాత్రి చేయగలిగింది కొంత ఉంది. భయపడ్డ కుక్కను దగ్గరికి తీస్తే బెదురు ఇంకా అలవాటవుతుందని ఒకప్పుడు చెప్పేవారు. పశువైద్యుల్లో ప్రవర్తన నిపుణులు ఇప్పుడు ఆ మాట అనడం లేదు. భయం కావాలని చేసే పని కాదు, నిమిరితే పెరగడానికి. దాక్కున్న చోటునుంచి లాగకుండా, తిట్టకుండా, అది రానిస్తే పక్కన కూర్చోవచ్చు. మాట అర్థం కాకపోయినా తోడు అర్థమవుతుంది.

మందు దగ్గర మాత్రం జాగ్రత్త కావాలి. ఎసిప్రోమజిన్ అనే మత్తుమందు ఒక్కటే ఇస్తే కుక్క కదలకుండా పడి ఉంటుంది గానీ లోపలి భయం పోకపోవచ్చని, చప్పుడుకు ఇంకా ఎక్కువగా ఉలిక్కిపడవచ్చని నిపుణులు హెచ్చరిస్తారు. ఇంట్లో నిశ్శబ్దం మనకు హాయి. కుక్కకు దక్కినదాన్ని మాత్రం అభయమనలేం. కాబట్టి డాక్టరును అడగాల్సింది మత్తు గురించి కాదు, ఆందోళన తగ్గించే మందు గురించి, అంతకన్నా ముందు నడుము, తుంటి, మోకాళ్ల గురించి. వేసవి ఈదురుగాలులు మొదలవకముందే, మార్చిలోనే, ఆ పరీక్ష చేయించవచ్చు.